తాకిందన్న పెద్దమనిషి

చాచా ఎవరినీ నొప్పించలేదట. ఎవరిమీదా గొంతు పెంచలేదట. గ్రౌండులో ఆయన నోట అబద్ధమన్నదే రాలేదట. ఆయన పోయిన తర్వాతి ఆదివారం ఒకరి తర్వాత ఒకరు ఇదే చెప్పారు. సభంటే పెద్దదేం కాదు. భద్రాచలంలో కరకట్ట దగ్గర మేం ఫ్రిస్బీ ఆడుకునే గ్రౌండులోనే, ఒకరి భుజాల మీద ఒకరం చేతులేసుకుని గుండ్రంగా నిలబడ్డాం. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో ఫొటో. మా వాళ్లలో ఒకడు బంతిపూల దండ తెచ్చాడు. "మా దాంట్ల ఫొటోకు దండ ఎయ్యరు భయ్యా" అని ఆయన కొడుకు మెల్లగా చెప్పాడు. తెచ్చిన దండను ఏం చేయాలో తెలియక డిస్క్‌కు వేశారు. కట్ట మీద పోతున్న ఇద్దరు ముసలమ్మలు ఆగి ఆ డిస్క్‌కు దండం పెట్టి మరీ వెళ్లారు.

నా వంతు వచ్చింది. "ఒక్క జాకెట్టు చెప్పిన రోజుకు ఇచ్చిన పాపాన పోలేదు" అన్నాను. అందరూ కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు. "మేడం దుఃఖంల గూడ జోకులేస్తది" అన్నారు.

నేను జోకేయలేదు. ఎవరినీ నొప్పించలేదన్న ఆ మనిషే ఖమ్మంలో, రెండు వందల మంది ముందు, ఒకే ఒక్క మాటతో నన్ను అబద్ధాలకోరును చేశాడు. ఆ మాట నిజమో కాదో తేల్చకుండానే పోయాడు. నాకది తేలాలి. దండలు వేసేవాళ్లు వేసుకోండి, నా గొడవ నాది.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఏడుగురు ఇటు, ఏడుగురు అటు. ఆడా మగా కలిసే ఆడతారు. పళ్లెం లాంటి ప్లాస్టిక్ డిస్క్‌ను ఒకరి నుంచి ఒకరికి విసురుకుంటూ పోవాలి. డిస్క్ చేతిలో ఉన్నవాళ్లు పరుగెత్తకూడదు, ఎదురుగా నిలబడ్డవాడు పది లెక్కపెట్టేలోపు విసిరేయాలి. చివరి గీత దాటాక మనవాళ్లు పట్టుకుంటే పాయింటు. ఎక్కడైనా నేలకు తాకిందా, డిస్క్ అవతలివాళ్లది. అన్నిటికంటే వింత, అంపైరు ఉండడు. తగిలిందా, గీత దాటిందా, నేలకు తాకిందా అన్నది ఆడేవాళ్లే చెప్పాలి, ఎదుటివాళ్లు నమ్మాలి. జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పి జీతం తీసుకునేదాన్ని నేను. ఇలాంటి ఏర్పాటు మన దగ్గర ఒక్క పూట నిలబడుతుందంటే నేనైతే పరీక్షలో మార్కు వేయను.

ఈ ఆటను మా ఊరికి తెచ్చింది చాచా అని కూడా చెబుతున్నారు. అదీ తప్పే. తెచ్చింది ఏదో స్వచ్ఛంద సంస్థ తరఫున వచ్చిన ఒక సిటీ అమ్మాయి. హాస్టలు పిల్లలకు నేర్పింది, ఏడాది తిరిగేసరికి వాళ్ల ప్రాజెక్టు అయిపోయింది, ఎనిమిది డిస్కులూ ఒక రూల్స్ పుస్తకమూ వదిలేసి వెళ్లిపోయింది. చాచా టైలరు. జెర్సీల కొలతలు తీసుకోవడానికి గ్రౌండుకు వచ్చి, సరదాగా ఒకసారి విసిరి చూసి, ఆ రోజు నుంచి షాపు పదింటికి ముందు తెరవడం మానేశాడు. రూల్స్ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఆయనకు ఇంగ్లీషు రాదు. డిగ్రీ పిల్లల్ని కూర్చోబెట్టి చదివించుకుని, అర్థం చెప్పించుకుని, కొలతలు రాసుకునే నోటుబుక్కులో ఉర్దూలో రాసుకున్నాడు. ఆ తర్వాత వరదల్లో అసలు పుస్తకం తడిసి ముద్దయింది. ఇంక మా క్లబ్బులో ఏ రూలు కావాలన్నా ఆ ఉర్దూ నోటుబుక్కే గతి. దాన్ని చదవగలిగింది ఆయనొక్కడే. గ్రంథం ఒక్కడి చేతిలోనే ఉంటే ఏమవుతుందో ఈ దేశంలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

నేను అందులోకి వెళ్లింది ఆట మీద మోజుతో కాదు, కొట్లాటకు. షుగరుకు నడవమని డాక్టరు చెప్పాడు. నడుస్తుంటే డిస్క్ వచ్చి చెవి పక్కన తగిలింది. నేరుగా గ్రౌండు మధ్యలోకి వెళ్లాను.

"ఎవరయ్యా ఇక్కడ బాధ్యులు?"

"ఎవ్వరు లేరు మేడం" అన్నాడొకడు.

"అంపైరు?"

"లేడు మేడం."

"మరి తప్పెవరిదో ఎవరు తేలుస్తరు?"

అరవైకి దగ్గర పడిన సన్నటి మనిషొకడు చెయ్యెత్తి ముందుకొచ్చాడు. పైజామా పిక్కల దాకా మడిచి ఉంది, కాళ్లకు కాన్వాసు బూట్లు, మెడలో కొలతల టేపు. "నాదే. నేనే ఇసిరిన. గాలి లేదు, ఏం లేదు, నా చెయ్యే తప్పింది. ఇగ తిట్టున్రి" అన్నాడు.

అలా లొంగిపోయిన మనిషిని ఏం తిడతాం? అయినా ఒక పది నిమిషాలు తిట్టాను. ఆయన తల ఊపుతూ, అక్కడక్కడా "అచ్ఛా" అంటూ, ఏదో కచేరీ వింటున్నట్టు విన్నాడు. అయిపోయాక పిల్లల వైపు తిరిగి "చూసిన్రా? గిట్ల మాట్లాడాలె" అన్నాడు. నా వైపు తిరిగి, "మేడం, మా టీంల ఆడున్రి" అన్నాడు.

"నాకు ఉరుకుడు రాదు."

"ఉరికేటోళ్లు మస్తుమంది ఉన్నరు. కొట్లాడేటోళ్లే లేరు."

నిజమే, లేరు. మా జట్టులో సగం మంది చర్ల వైపు అడవి ఊళ్ల పిల్లలు, ఇక్కడ డిగ్రీ చదువుకుంటున్నవాళ్లు. చిరుతల్లా పరుగెత్తుతారు. కానీ అవతలివాడు ఫౌల్ అంటే ఫౌల్, బయట అంటే బయట. రాధ అని ఒక పిల్ల ఉంది. ఆ పిల్ల విసిరితే డిస్క్ గోదావరి దాటుతుందేమో అనిపిస్తుంది. ఒకసారి గీతకు మూరెడు లోపల పట్టిన డిస్క్‌ను ఎవడో కళ్లెర్రజేశాడని ఇచ్చేసింది. "ఎందుకిచ్చినవే?" అంటే, "ఆయన గట్టిగ అన్నడు గద మేడం" అంది. దారిలో పోలీసు క్యాంపు దగ్గర బస్సాపి, ఎక్కడికి, ఎందుకు, సంచిలో ఏముంది అని అడిగితే అన్నిటికీ "అవ్ సార్" అంటూ పెరిగిన పిల్లలు. గట్టిగా అడిగినవాడిదే నిజం వాళ్లకు. అందుకని చాచా నన్ను పట్టుకున్నాడు. నలభై రెండేళ్ల వయసులో, మోకాలి పట్టీ వేసుకుని, నేను ఆ క్లబ్బుకు వకీలునయ్యాను. అవతలివాడు "బయట" అనగానే నేను వెళ్లి ఎందుకు బయట కాదో మూడు కారణాలు చెప్పేదాన్ని. సగం మంది రెండో కారణానికే డిస్క్ ఇచ్చేసేవాళ్లు, టిఫినుకు ఆలస్యమవుతుందని.

చాచా ఆట గురించి గొప్పగా చెబుతున్నారు కాబట్టి అదీ చెప్పుకుందాం. ఆయన పది లెక్కపెట్టడం మొదలుపెడితే, అవతలివాడు వంతెన మీదుగా సారపాక పోయి, చాయ తాగి, తిరిగొచ్చి డిస్క్ విసరొచ్చు. "ఒక్కటీ..." అని గాలి పీల్చుకునేవాడు. "రెండూ..." అని పైజామా సర్దుకునేవాడు. జల్దీ అనమని అరిస్తే, "ఆలోచించుకోనియ్యాలె మేడం, పాపం" అనేవాడు. ఎదురుగా నిలబడేవాడికీ విసిరేవాడికీ మధ్య ఎంత దూరం ఉండాలో నోటుబుక్కులో ఉందట. ఆట ఆపి, మెడలో టేపు తీసి కొలిచేవాడు. ఒకసారి కొత్తగూడెం కుర్రాడొకణ్ణి అలా కొలుస్తూ కొలుస్తూ నడుం కూడా కొలిచి, "ముప్పైనాలుగు, జెర తగ్గాలె" అని చెప్పి పంపాడు.

ఇక తన ఫౌళ్లు. ఎవరికైనా గోరు తగిలినా చాలు, కోర్టులో సాక్షిలా చెయ్యెత్తి "ఫౌల్! నాదే!" అని కేక. అవతలివాడికి తగిలినట్టు కూడా తెలియదు. ఒక ఆదివారం ఆట మధ్యలో ఆపేసి, "పోయిన ఆదివారం మోచెయ్యి తగిలింది, నేను జెప్పలే, ఇయ్యాల చెప్తున్న" అన్నాడు. పోయిన ఆదివారం మాతో ఆడినవాళ్లు అప్పటికి మణుగూరులో వాళ్ల ఇళ్లల్లో నిద్రపోతున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం, ఈయనగారి పశ్చాత్తాపాలన్నీ పదిమంది చూస్తుండగానే ఎందుకు వస్తాయో అనుకున్నాను.

ఎందుకంటే షాపులో ఈయన వేరే మనిషి. నా మేనకోడలి పెళ్లికి జాకెట్టు ఇచ్చాను. "రేపు ఖాయం మేడం, గుండీలు కుట్టుడే ఉంది." మర్నాడు వెళ్తే, "కరెంటు పోయింది, పొద్దుగాల వరకు అయిపోతది." పొద్దున వెళ్తే నా బట్ట ఇంకా కత్తెర మొహం చూడలేదు. పెళ్లయింది, పదహారు రోజుల పండగయింది, జాకెట్టు రాలేదు. గ్రౌండులో నిలదీశాను.

"ఏంది భాయ్, ఈడ హరిశ్చంద్రుడివి, షాపుల మాత్రం రేపు, రేపు, రేపు?"

ఆయన ఏ మాత్రం తొణకలేదు. "షాపుల రెఫరీ ఉన్నడు మేడం. గిరాకీయే రెఫరీ. నేను అబద్ధమాడ్త, మీరొచ్చి తిడ్తరు, హిసాబ్ బరాబర్. ఈడ ఎవ్వడు లేడు గద. అందుకే ఈడ నన్ను నేనే చూసుకోవాలె."

ఇంత సిగ్గులేని జవాబు నేను ఏ విద్యార్థి దగ్గరా వినలేదు. దానికి ఎదురు చెప్పడానికి రెండు రోజులు ఆలోచించాను. ఏమీ దొరకలేదు, అది వేరే కోపం.

ఇలా అయిదేళ్లు కొట్లాడుకుంటూ ఆడాక ఖమ్మం పోటీలు వచ్చాయి. గెలిచిన జట్టు హైదరాబాదు వెళ్తుంది. మేం ఫైనలుకు ఎలా వచ్చామో నాకిప్పటికీ అర్థం కాదు; రాధ చెయ్యి, నా నోరు కలిసి తెచ్చాయనుకోవాలి. అవతల ఖమ్మం ఇంజినీరింగు కుర్రాళ్లు, అమ్మాయిలు. అందరికీ ఒకేలాంటి బూట్లు. మాకు చాచా కుట్టిన జెర్సీలు, అందులో రెండింటి చేతులు పొట్టి. స్కోరు పన్నెండు, పన్నెండు. తర్వాతి పాయింటు ఎవరిదైతే వాళ్లదే ఆట.

చివరి గీత అవతల నేను ఒంటరిగా నిలబడి ఉన్నాను. మోకాలి పట్టీ వేసుకున్న లావుపాటి లెక్చరరును కాపలా కాయాలని ఎవరికీ అనిపించలేదు. అది చూసి రాధ విసిరింది. డిస్క్ వస్తోంది, నాకు కొంచెం ముందుగా, కొంచెం కిందుగా. నేను దూకాను. డైవ్ అని మా వాళ్లు అంటారు. పడ్డాను అంటే సరిపోతుంది. దుమ్ము లేచింది. డిస్క్ నా చేతికి దొరికింది. ఎత్తి పట్టుకుని "పట్టిన!" అని అరిచాను.

పట్టినవాళ్ల మాటే మాట. ఇంకెవరికైనా అంతకంటే బాగా కనిపించి ఉంటే తప్ప ఎవరూ కాదనకూడదు. అవతలి కెప్టెను అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "అక్కా, పట్టిన్రా?"

"పట్టిన."

"సరే అక్కా" అని ఆ అమ్మాయి చెయ్యి కలపడానికి చాపింది. మా పిల్లలు గంతులు మొదలుపెట్టారు. అప్పుడు గ్రౌండు మధ్యలోంచి, కనీసం ముప్పై గజాల దూరం నుంచి, గొంతు పెంచకుండా, చాచా అన్నాడు.

"నేలకు తాకింది."

గంతులు ఆగాయి. కెప్టెను ఆయన వైపు చూసి, "చాచా, మాకు ఓకే. అక్క పట్టిన అంటుంది" అంది. ప్రత్యర్థులు ఒప్పుకున్నారు, సొంత మనిషి ఒప్పుకోవడం లేదు.

"తాకింది బేటా."

"అంత దూరం నుంచి నీకు కనబడ్డదా?" అని నేను అరిచాను.

ఆయన మెల్లగా నడిచి దగ్గరకొచ్చాడు. నా చేతిలోని డిస్క్ వైపు చూడలేదు. నా మొహం వైపే చూస్తూ, ఇంకెవరికీ వినపడకుండా, "తాకింది మేడం" అన్నాడు.

జట్టంతా ఆయన్ని నమ్మింది. ఎందుకు నమ్మదు? పోయిన ఆదివారం ఫౌళ్లు కూడా ఒప్పుకునే మనిషి. నేను డిస్క్‌ను ఆయన కాళ్ల దగ్గరికి విసిరికొట్టాను. "అక్క నవ్వుకుంట డిస్క్ కింద పెట్టింది" అని సంతాప సభలో ఒకడు చెప్పాడు. వాడు ఆ రోజు ఖమ్మం రానేలేదు. అవతలివాళ్లు డిస్క్ తీసుకున్నారు, నాలుగు పాసుల్లో పాయింటు చేశారు, గెలిచారు. మాకు మంచి నడవడికకు ఇచ్చే కప్పు ఇచ్చారు. దాన్ని పట్టుకుని చాచా ఫొటోలు దిగాడు.

తిరుగు బస్సులో నేను డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. కొత్తగూడెం బస్టాండులో ఆయన మిర్చిబజ్జీల పొట్లం తెచ్చాడు.

"తినున్రి మేడం, వేడిగున్నయి."

"వద్దు. నేలకు తాకినయి నేను తినను."

నవ్వాడు. "కోపమొచ్చిందా?"

"నన్ను కొట్లాడనీకె పిలిచినవు గద భాయ్. మరి నా తరఫున ఎవరు కొట్లాడాలె?"

ఆయన బజ్జీలు డ్రైవరుకు ఇచ్చి వెనక్కి వెళ్లిపోయాడు. నా పక్క సీట్లోకి రాధ వచ్చింది. నాకు ఒక సాక్షి కావాలి.

"రాధా, నువ్వు చెప్పు. పట్టిన్నా, లేదా?"

"పట్టిన్రు మేడం."

"చూసినవా?"

"సూడలే. మీరు గట్టిగ అన్నరు గద."

ఆ పిల్లను సాక్ష్యానికి పిలవడం నాదే బుద్ధితక్కువ.

తర్వాత ఏడాది పాటు ఆయనతో మాట్లాడలేదు. ఆట మానలేదు, ఆయన కోసం నేనెందుకు మానాలి? ఎదురుగా ఉన్నా "రాధా, లెక్క జల్దీ పెట్టమని ఆ టైలరుకు చెప్పు" అనేదాన్ని. ఆయన కూడా, "రాధా, మేడం సరిగ్గనే చెప్పిందని చెప్పు" అనేవాడు, మళ్లీ అదే నత్త లెక్క. జాకెట్లు ఇంకో టైలరుకు ఇచ్చాను. వాడు చెప్పిన రోజుకే ఇచ్చాడు, ఒక్కటీ భుజం మీద నిలవలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మొన్న వానాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం షాపులోనే చాచాకు గుండె నొప్పి వచ్చింది. దవాఖానాకు తీసుకెళ్లేలోపే అయిపోయింది.

సభ అయిన వారానికి డిస్కులూ, ఆ నోటుబుక్కూ తెచ్చుకోవడానికి వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య, నేను ఆపా అంటాను, కుట్టు మిషను పక్కనున్న చిన్న దిండును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దానికి పదో పన్నెండో సూదులు గుచ్చి ఉన్నాయి, అన్నిటికీ దారాలు ఎక్కించి.

"పొద్దుగాల లేవంగనే చెయ్యి దీనిమీదికే పోతుంది మేడం. రెండేండ్ల సంది ఇదే పని గద."

"ఏం పని ఆపా?"

"దారాలు ఎక్కిచ్చుడు. ఆయనకు కండ్లు ఏడ కనబడేటియి? మోతిబిందు, రెండు కండ్లల్ల పొరలు. దగ్గరిది తడుముకొని ఎట్లనో ఎల్లదీసెటోడు. దూరంది మొత్తం పొగ."

"ఖమ్మం పోయినప్పుడు?"

"అప్పటికే ఏడాదైంది. ఆపరేషన్ చేయించుకో అంటే, 'గ్రౌండుల తెలిస్తే రావద్దంటరు, ఎవరికి చెప్పకు' అని నాతోని ఒట్టేయించుకున్నడు."

నిజం చెబుతున్నాను, ఆ ఇంట్లో, ఆపా ముందు, నాకు కలిగింది సంతోషం. దొరికాడు! రెండేళ్లు మా అందరి కళ్లుగప్పి ఆడిన మనిషి. రెండేళ్లుగా ఒక్క డిస్కూ పట్టలేకపోతుంటే వయసు అనుకున్నాం. ముప్పై గజాల అవతల గడ్డికీ డిస్క్‌కీ మధ్య సందు ఉందో లేదో చెప్పింది ఈయనా! డిస్కుల సంచి భుజాన వేసుకుని, మర్నాడే మళ్లీ సభ పెట్టి అందరికీ చెప్పాలనుకుంటూ కరకట్ట ఎక్కాను. నా మూడు కారణాలు తయారుగా ఉన్నాయి. ఆయన చూడలేదు, చూడలేడు, కాబట్టి నేను పట్టాను.

మూడో కారణం దగ్గర నడక ఆగింది. మొదటి రెంటి నుంచి మూడోది రాదు. ఆయన చూడలేదన్నది నిజమే. నేను చూశానా? పడ్డప్పుడు కళ్ల నిండా దుమ్ము. డిస్క్ చేతికింద ఉంది. వేళ్లు దాని కిందున్నాయా, గడ్డి ఉందా అని చూడకముందే అరిచాను. ఎత్తేశాక చూడటానికి ఏం మిగులుతుంది? పైగా, గీతకు మూరెడు లోపల పట్టినదానికి కూడా మూడు కారణాలు చెప్పే నేను ఆ రోజు ఒక్క కారణం కూడా చెప్పలేదు. "పట్టిన" అన్నాను, అంతే. అది ముప్పై గజాలు వినపడేంత గట్టిగా అన్నాను.

సభ పెట్టలేదు. డిస్కులు నా దగ్గరే ఉన్నాయి. నోటుబుక్కు చదివేవాళ్లు లేరు కాబట్టి రూల్స్ ఇప్పుడు నేనే చెబుతున్నాను. పిల్లలు నమ్ముతున్నారు కూడా. కానీ భాయ్, అయిదేళ్లు నాతో కొట్లాడినవాడివి, ఏడాది పాటు నేను మాట్లాడకున్నా ఒక్కసారి కూడా మాట మార్చనివాడివి, నీకు డిస్క్ కనబడలేదు. మరి ఆ పొగలో ఏం కనబడిందని "తాకింది" అన్నవు?